గాలి పడవా, ఫైబర్ పడవా: కృష్ణపట్నం ఉప్పుటేరులో రెండూ వాడిన మీదట

సరదాగా గాలం వేసుకోవడానికి చిన్న పడవ కొనదలచిన నెల్లూరు వారు సాధారణంగా రెండింటి మధ్య తటపటాయిస్తుంటారు. ఒకటి మడిచి కారు డిక్కీలో పెట్టుకోగలిగిన 10 అడుగుల పీవీసీ గాలి పడవ. రెండవది ఒడ్డున ఉంచుకోవలసిన 14 అడుగుల ఫైబర్ పడవ. ఈ రెండింటినీ కొన్నేళ్లుగా 5 హార్స్‌పవర్ ఇంజన్ ఒక్కదానితోనే మార్చి మార్చి నడుపుతున్నాను.

గాలి పడవకు రేవుతో పని లేదు. ఒక వారం మైపాడు దగ్గర బకింగ్‌హామ్ కాలువలో, మరో వారం ఊటుకూరు వైపు పెన్న సముద్రంలో కలిసే మొగలో దించుకోవచ్చు. అయితే కృష్ణపట్నం దగ్గరి కండలేరు ఉప్పుటేరులో వంతెన స్తంభాలకూ రాళ్లకూ అంటుకుని ఉండే ఆల్చిప్పల అంచులు దీనికి గండం. పట్టిన జెల్లను గాలం నుంచి విడిపించేటప్పుడు దాని ముల్లు గొట్టానికి తగలకుండా చూసుకోవడం మరో పని. తెల్లవారుజామున చల్లటి వేళ బిగువుగా గాలి నింపిన పడవను పదింటి ఎండలో ఇసుక మీదికి లాగి వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకుల మీద భారం పడుతుంది కనుక, లాగగానే కొంత గాలి తీసివేయాలి. ఇంట్లో అటక మీద పెడితే ఎలుకల భయం ఉండనే ఉంది.

ఫైబర్ పడవ విలువ మధ్యాహ్నం తెలుస్తుంది. అప్పటికి సముద్రం మీది నుంచి తూర్పు గాలి లేస్తుంది. అదే వేళకు ఆటు మొదలై ఏటి నీరు సముద్రంలోకి పోతుంటే, గాలీ ప్రవాహమూ ఎదురెదురై మొగ దగ్గర పొట్టివైనా నిటారుగా లేచే కెరటాలు పుడతాయి. కోసుగా ఉన్న అడుగుభాగం వాటిని చీల్చుకుంటూ పోతుంది; గాలి పడవ మాత్రం ఒక్కో కెరటం మీదికీ ఎక్కి దబ్బున పడుతుంది, పైగా తేలిక కావడంతో పక్కకు కొట్టుకుపోతుంది. స్తంభం నీడలో పొంచి ఉన్న పండుగప్పకు గాలం విసరాలంటే పడవ నిలకడగా ఉండాలి, ఆ నిలకడ లంగరు వేసిన ఫైబర్ పడవకే ఉంది.

దాని కష్టమంతా ఒడ్డుమీదే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండం వార్త వచ్చినప్పుడల్లా నలుగురు మనుషులను పిలిచి పైకి లాగించాలి. పగులు పడితే రెజిన్ అనే జిగురు, గాజు నార మ్యాట్ వేసి అతికేవారు మత్స్యకార గ్రామాల్లో దొరుకుతారు గానీ, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మోటారు పడవల వేటకు నిషేధం ఉన్న రోజుల్లో అందరి పడవలూ మరమ్మతుకే వస్తాయి కాబట్టి, మన వంతు ఆలస్యమవుతుంది.

తీర గ్రామంలో పడవను కనిపెట్టుకుని ఉండే నమ్మకస్తులు ఉన్నవారికి ఫైబర్ పడవనే సిఫారసు చేస్తాను. పట్టణంలో, అందులోనూ మూడో అంతస్తులో ఉండేవారికి గాలి పడవే దారి. ఏది కొన్నా, ఇంజన్ బిగించే వెనుక పలక ఎత్తును ముందే కొలుచుకోవాలి: షాఫ్ట్ (ఇంజన్ నుంచి నీటిలోని ఫ్యాను, అంటే ప్రొపెల్లర్ దాకా దిగే కాడ) చిన్నదైన ఇంజన్‌కు 15 అంగుళాలు, పొడవు షాఫ్ట్‌కు 20 అంగుళాలు ఉండాలి. 20 అంగుళాల పలకకు చిన్న షాఫ్ట్ ఇంజన్ బిగిస్తే ఫ్యాను నీటిలో సరిగ్గా మునగక గాలిని పీల్చి, పడవ ముందుకు కదలదు.