స్కోరు పుస్తకం సంచిలో పెట్టుకుని కౌంటీ మైదానాల చుట్టూ

ఇంగ్లాండ్‌లో వూస్టర్ అనే ఊళ్లో న్యూ రోడ్ క్రికెట్ మైదానం. బౌండరీ తాడుకి నాలుగు గజాల దూరంలో కూర్చుని స్కోరు రాసుకుంటున్నాను. బంతి ప్యాడ్‌కి తగిలి ఫైన్ లెగ్ వైపు పోయింది, ఒక పరుగు తీశారు. అంపైర్ మోకాలు ఎత్తి చేత్తో తట్టాడు. నేను గడిలో తలకిందుల త్రికోణం గీశాను. పక్కనున్న పెద్దాయన పుస్తకంలోకి తొంగిచూస్తే ఆయనా అదే గుర్తు గీశారు. ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. బ్యాట్‌కి కాక ఒంటికి తగిలిన బంతికి తీసే పరుగు, అంటే లెగ్ బైకి ఆ గుర్తు వేయాలని రాజమండ్రిలో మా నాన్నగారు నాకు నేర్పినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రేడియో పక్కన పెట్టుకుని, నోటుపుస్తకంలో స్కేలుతో గళ్లు గీసి, కామెంటరీ వింటూ ఇద్దరం రాసేవాళ్లం. వూస్టర్, టాంటన్, కాంటర్‌బరీ అనే పేర్లు అప్పట్నుంచీ చెవిలో ఉన్నాయి. చూడటం మాత్రం ఉద్యోగ విరమణ అయ్యాకే కుదిరింది.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు "అమ్మా, లార్డ్స్‌లో టెస్ట్‌కి తీసుకెళ్తా" అంది. టికెట్ వంద పౌండ్ల పైమాటే అని తెలిసి, ముందు కౌంటీ మ్యాచ్ చూస్తానన్నాను. కౌంటీలంటే మన జిల్లాల్లాంటివి, వాటి జట్ల మధ్య జరిగే పోటీయే కౌంటీ ఛాంపియన్‌షిప్. నేను వెళ్లిన మైదానాల్లో దాని రోజు టికెట్ 15 నుంచి 25 పౌండ్లు, వయసు మళ్లినవాళ్లకి తగ్గింపు. మన అన్నం డబ్బా మనం పట్టుకెళ్లొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ. పదకొండింటికి ఆట మొదలు, ఒంటిగంటకి లంచ్, రోజుకి 96 ఓవర్లు. నాలుగు రోజుల ఆట కాబట్టి హడావిడి లేదు. నా వయసుకి, నా మోకాళ్లకి ఇంతకన్నా సరిపడే వినోదం నాకు తెలియదు.

అన్నిటికన్నా వూస్టరే నా మనసుకి దగ్గర. ఫోర్‌గేట్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, మెల్లగా నడిచినా ఇరవై నిమిషాల్లో చేరిపోవచ్చు. దారిలో సెవర్న్ నది వంతెన దాటాలి. మైదానంలో కూర్చుంటే నదికి అవతల ఒడ్డున కేథడ్రల్ గోపురం నిలువుగా కనిపిస్తుంది. గంటలు కొడితే ఓవర్ మధ్యలో కూడా వినిపిస్తాయి. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ 1930, 1934, 1938 పర్యటనల్లో మూడుసార్లూ ఇక్కడ డబుల్ సెంచరీ చేశాడు. నాన్నగారు ఆ మూడు సంవత్సరాలూ ఎక్కంలా అప్పజెప్పేవారు.

చలికాలంలో ఈ మైదానం నదిలో మునుగుతుంది. కేథడ్రల్ కింద వాటర్‌గేట్ గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తుకి వచ్చిందో గీతలు చెక్కి ఉన్నాయి. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో అడగకుండా మా ఇంట్లో వానాకాలం గడిచేది కాదు. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

లేడీస్ పెవిలియన్‌లో టీ, కేకులు అమ్ముతారు. పెద్ద పింగాణీ కప్పులో వేడి టీ, అరచేయంత కాఫీ వాల్‌నట్ కేకు ముక్క. టీ విరామానికి పది నిమిషాల ముందే వెళ్లండి, తర్వాత క్యూ పెరిగిపోతుంది. లంచ్‌లో ప్రేక్షకుల్ని మైదానంలోకి వదులుతారు. తాడు కట్టిన చోటు దాకా వెళ్లి పిచ్ చూశాను. బౌలర్ కాలు పడే చోట మట్టి లేచి గుంట పడింది. ఆఫ్ స్పిన్నర్‌కి మూడో రోజు అది ఎలా పనికొస్తుందో కళ్లెదుట కనబడుతుంటే, యాభై ఏళ్లుగా కామెంటరీలో విన్న "రఫ్" అన్న మాటకి ఆకారం వచ్చింది.

టాంటన్‌కి లండన్ పాడింగ్‌టన్ నుంచి రైలు, సుమారు రెండు గంటలు. అరవై దాటినవారికి సీనియర్ రైల్‌కార్డ్ ఉంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది, మనలాంటి సందర్శకులూ కొనుక్కోవచ్చు. 1999 ప్రపంచకప్‌లో గంగూలీ, ద్రావిడ్ 318 పరుగుల భాగస్వామ్యం ఇక్కడిదే. ఆ సాయంత్రం మా వీధంతా మా ఇంట్లోనే ఉంది. టీవీలో ఎంతో పెద్దగా అనిపించిన మైదానం తీరా చూస్తే చిన్నది, పక్కనే టోన్ నది. వూస్టర్ జట్టు బ్యాట్స్‌మన్ హిక్ 1988లో 405 పరుగులు కొట్టిందీ ఇక్కడే. వివియన్ రిచర్డ్స్ పేరు పెట్టిన గేటు దగ్గర ఫోటో తీసుకున్నాను. ఆయన ఆడిన ఇక్కడి జట్టు సోమర్‌సెట్ ఇంతవరకూ ఒక్క కౌంటీ ఛాంపియన్‌షిప్ కూడా గెలవలేదు. అయినా అక్కడి జనం ప్రతి వికెట్‌కీ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆటకోసమే అయితే టాంటనే మేలంటాను. కూర్చున్న చోటునుంచి స్లిప్ ఫీల్డర్ల మాటలు వినబడతాయి.

యార్క్‌షైర్ కౌంటీలో సముద్రం ఒడ్డున ఉన్న స్కార్బరోలో బస విషయంలో దెబ్బతిన్నాను. మైదానం చుట్టుపక్కల వీధుల్లో గెస్ట్ హౌసులు చాలా ఉన్నాయి. కింది అంతస్తు గది కావాలని రాసి, ఒప్పుకున్నాకే డబ్బు కట్టాను. తీరా వెళ్తే మూడో అంతస్తు ఇచ్చారు. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా, ఒక మనిషి పట్టేంత ఇరుకు. పెట్టె మావారు మోశారు. మూడు రాత్రులు, రోజుకి నాలుగుసార్లు ఆ మెట్లు ఎక్కిదిగేసరికి మోకాలు వాచింది. ఒప్పుకున్న మాట నిలబెట్టుకోకపోవడం నాకు బాధ కలిగించింది. మీరు వెళ్తే ఫోన్ చేసి మళ్లీ అడగండి, "ఎన్ని మెట్లు?" అని అంకెతో సహా. మైదానంలో కూడా చాలాచోట్ల వీపుకి ఆనుకునే వీలులేని చెక్క బెంచీలే, దిండు తప్పనిసరి. కానీ సీగల్స్ తలమీదుగా తిరుగుతుంటే, సముద్రపు గాలికి బంతి మలుపు తిరుగుతుంటే, నిండిన గ్యాలరీ యార్క్‌షైర్ యాసలో బౌలర్‌ని పేరుపెట్టి పిలుస్తుంటే, నొప్పి గుర్తురాలేదు. యార్క్‌షైర్‌కి మొట్టమొదటి విదేశీ ఆటగాడు మన సచిన్, 1992లో, పందొమ్మిదేళ్ల వయసులో. నేను ఇండియా నుంచి అనగానే పక్కవరుసలో ఆవిడ ముందు ఎత్తిన పేరు అదే.

కాంటర్‌బరీలో ఒక్కరోజే ఉన్నాం, అందులో సగం వాన. బౌండరీ లోపలే నిలబడిన పాత లైమ్ చెట్టు 2005 జనవరి గాలికి కూలిపోయింది, దాని బదులు పెట్టిన చెట్టు చూశాను. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ తరఫునే రంజీ ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ తర్వాత ఇక్కడి జట్టు కెంట్‌కే కెప్టెన్ అయ్యాడు. బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ స్టేడియం మా అమ్మాయి ఇంటికి దగ్గరే. 2022లో మన సిరాజ్ అక్కడి జట్టు వార్విక్‌షైర్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే ఐదు వికెట్లు తీసింది అక్కడే. కుర్చీలు, బాత్రూములు, ర్యాంపులు అన్నీ బాగున్నాయి. కానీ అంత పెద్ద స్టేడియంలో కొద్దిమందిమే చెదురుమదురుగా కూర్చుంటే బోసిగా ఉంది. టెస్ట్‌కయితే అక్కడికే వెళ్తాను.

మే నెలలో వెళ్లేవాళ్లు స్వెటర్ మీద ఇంకో స్వెటర్, మఫ్లర్ పట్టుకెళ్లండి. ఎండ కనిపించినా స్టాండు నీడలో వేళ్లు కొంకర్లు పోతాయి, పెన్ను పట్టుకోలేం.

ఆ వూస్టర్ పెద్దాయనని తర్వాత నాలుగు మ్యాచ్‌ల్లో కలిశాను. నేను బాత్రూముకి వెళ్తే నా పుస్తకంలో కూడా ఆయనే బంతులు రాసిపెట్టేవారు, తిరిగొచ్చాక ఒక్కో చుక్కా చూపించి అప్పజెప్పేవారు. పులిహోర పెడితే ఎండుమిర్చి పక్కకి తీసి మిగతాదంతా తిన్నారు.

2024లో వరదవల్ల వూస్టర్‌లో జరగాల్సిన సీజన్ మొదటి మ్యాచ్‌లు కిడర్‌మిన్‌స్టర్ అనే వేరే ఊరికి మార్చారు. ఈసారీ ఏప్రిల్‌కల్లా వూస్టర్‌లో ఉండాలని టికెట్లు తీసుకున్నాం. మొన్న ఫోన్‌లో అమ్మాయిని ముందుగా అడిగింది సెవర్న్ ఎంత ఎత్తులో పారుతోందని, న్యూ రోడ్‌లోకి నీళ్లొచ్చాయా అని.