సుబాబుల్ ఆకు పొడి: శీలావతి చెరువులో వాడి చూసిన మాట

కైకలూరు దగ్గర మా చేపల చెరువులో శీలావతి (రోహు) ఎక్కువ, బొచ్చె (కట్ల) తక్కువ. మేత అంటే నూనె తీసిన తవుడు, దాంట్లో కొంత వేరుశనగ చెక్క. చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి గడలకు కడతాం. చెక్క ధర పెరిగిందంటే లాభం అక్కడే కరిగిపోతుంది. ఒక చిన్న మిల్లు సుబాబుల్ ఆకు పొడి అమ్ముతోందని తెలిసి తెప్పించాను.

ఆలోచన మంచిదే. కాగితం మిల్లుల కోసం నందిగామ చుట్టుపక్కల, ప్రకాశం జిల్లాలో ఈ తోటలు విస్తారంగా వేశారు. కర్ర లారీ ఎక్కుతుంది, ఆకు చాలావరకు చేలోనే రాలిపోతుంది. ఎండిన ఆకులో మాంసకృత్తులు సుమారు 25 శాతం ఉంటాయి. వేరుశనగ చెక్కలో 40 శాతం పైమాటే కాబట్టి దానికి ఇది సాటి రాదు. తవుడుకూ చెక్కకూ మధ్యన నిలిచే సరుకిది.

అసలు చూడాల్సింది మిమోసిన్. సుబాబుల్ ఆకులో ఉండే ఈ పదార్థం, ముఖ్యంగా లేత ఆకులో ఎక్కువగా ఉండి, చేప ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. పశువుల సంగతి వేరు. హవాయి మేకల పొట్టలో దీని విషాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఉందని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు, తర్వాత దాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. చేపకు అలాంటి పొట్ట లేదు. అయితే మిమోసిన్ నీటిలో కరుగుతుంది. ఆకును రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఆరబెడితే చాలావరకు పోతుంది. ఎండబెట్టినంత మాత్రాన అంతగా పోదు.

ఈ మిల్లు నానబెట్టిన ఆకు పొడి, నానబెట్టని ఆకు పొడి రెండు రకాలూ అమ్ముతుంది, సంచి మీద మాత్రం ఏది ఏదో రాయదు. ఒక సంచిలోది పచ్చగా, దుమ్ములా ఉంది. బకెట్ నీళ్లలో గుప్పెడు వేస్తే కాసేపటికే నీరు టీ డికాషన్‌లా మారింది. రెండో సంచిలోది ముదురు రంగు, కాస్త బరక. నీరు పెద్దగా రంగు మారలేదు. ఇది నానబెట్టి ఆరబెట్టిందని మిల్లులో అడిగితే చెప్పారు. సంచి మీద ఒక్క ముక్క ముద్రించడానికి ఏమంత ఖర్చవుతుంది? చేపల రైతు చేతికి సరుకు ఇచ్చేవాళ్లు ఈ బాధ్యత తీసుకోవాలి.

నేను వాడింది నానబెట్టినదే. మొత్తం మేతలో పదో వంతు, అదీ చెక్క వాటాలోంచి తగ్గించి కలిపాను. పొద్దున్నే కట్టిన సంచులు మామూలు వేళకే ఖాళీ అయ్యాయి. శీలావతి వెనకాడలేదు. వల వేసి చూస్తే చేప నిగారింపులో తేడా కనిపించలేదు. బొచ్చె మీద దీని ప్రభావం గురించి మాట్లాడనక్కరలేదు, అది ఎక్కువగా నీటిపైన తేలే సూక్ష్మజీవుల మీద బతికేది.

పొడి మరీ మెత్తగా ఉంటే మాత్రం వద్దు. సంచి నీళ్లలో దిగగానే చిల్లుల్లోంచి పచ్చటి మబ్బులా బయటకు వచ్చేస్తుంది. మేత చేప నోటికి కాకుండా నీటికి పోతుంది, నాచు పెరుగుతుంది, మబ్బు పట్టిన తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేప పైకి తేలుతుంది. అందుకే ముందుగా తడి తవుడుతో బాగా కలిపి, ముద్దగా చేసి నింపండి. పుల్లలు కూడా జల్లించాల్సి వస్తోంది, అది మిల్లు చేయాల్సిన పని.

చేపపిల్లల చెరువుకు కొనకండి. పీచు ఎక్కువ, వాటికి అరగదు. అరకిలో దాటిన శీలావతికైతే, నానబెట్టిన సరుకని నమ్మకంగా చెప్పి ఇచ్చేవాళ్ల దగ్గర, చెక్క ధర మండుతున్న నెలల్లో కొనుక్కోవచ్చు. నేను మళ్లీ కొంటాను, ఈసారి బకెట్ నీళ్లలో కలిపి చూశాకే డబ్బు ఇస్తాను.