థైరాయిడ్ ఆపరేషన్ ప్యాకేజీ తీసుకునేవారు జాగ్రత్త: కాల్షియం చూడకుండానే ఇంటికి పంపేశారు

"మచ్చ కనబడని థైరాయిడ్ ఆపరేషన్" అంటూ కూడలికొక హోర్డింగు పెట్టిన ఆసుపత్రి ఏదో మీ అందరికీ తెలుసు కనుక పేరు రాయడం లేదు. అక్కడే మా అమ్మకు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసివేసి, మర్నాడే డిశ్చార్జి అన్నారు.

బయలుదేరే ముందు నర్సు బీపీ చూస్తుండగా, పట్టీ బిగిసి కాసేపు అలాగే ఉండేసరికి అమ్మ మణికట్టు లోపలికి వంగి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి, మిగతా వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టు బిగుసుకున్నాయి. పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందని ఆమె తెల్లవారుజాము నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పిలవగా పిలవగా వచ్చిన డ్యూటీ డాక్టరు ఆ చేతివైపు చూసి, "పెద్దావిడ కదండీ, ఆపరేషన్ భయం, ఇంటికెళ్లి నిద్రపోతే అదే సర్దుకుంటుంది" అని నవ్వి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆ రాత్రే కాళ్లూ చేతులూ కొంకర్లు పోతుంటే వేరే ఆసుపత్రికి పరుగెత్తాము. రక్తంలో డెసిలీటరుకు 8.5 మిల్లీగ్రాములకు తగ్గకూడని కాల్షియం 6.4కు పడిపోయింది. ఈసీజీ చూస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కించారు. థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయనీ, రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టేవి అవేననీ, వాటికి వెళ్లే సన్నని రక్తనాళాలు తెగితే గ్రంథిని ముట్టుకోకపోయినా అది పనిచేయదనీ, అలా రక్తం అందనిదాన్ని ముక్కలు చేసి మెడ కండరంలో నాటుతారనీ అక్కడి వైద్యులు చెప్పారు. బీపీ పట్టీకి చెయ్యి అలా ముడుచుకోవడం కాల్షియం తగ్గిందనడానికి గుర్తట. వైద్యవిద్యార్థులకు నేర్పే పాఠమేనట.

ఎంత నేర్పున్న సర్జన్ చేతిలోనైనా ఈ గ్రంథులు కొన్నాళ్లు మొద్దుబారవచ్చు, అందుకు నేనెవరినీ నిందించను. కానీ ప్యాకేజీ బిల్లులో మచ్చకు రాసే క్రీముకు చోటుంది, కాల్షియం పరీక్షకు లేదు! ఆపరేషన్ నోట్సులో కుట్టిన దారం రకం సహా రాశారు గాని, పారాథైరాయిడ్లు ఎన్ని కనబడ్డాయో, ఎన్ని మిగిలాయో ఒక్క ముక్క లేదు. నిలదీస్తే "కాల్షియం తగ్గడం మామూలేనండి" అన్నారు. అంత మామూలైనదాన్ని పరీక్షించడానికి ఏమడ్డం వచ్చిందో!

ఆపరేషన్‌కు ముందే కాల్షియం, విటమిన్ డి చూపించుకోండి. తరువాత కాల్షియంతో పాటు పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష కూడా చేస్తారా అని అడిగి తెలుసుకోండి. రెండు మూడు రోజుల వరకు కాల్షియం ఇంకా పడిపోవచ్చు కనుక, తిమ్మిరి మొదలైతే తెల్లవారేదాకా ఆగకండి. థైరాయిడ్ తీసేశాక దాని హార్మోనుకు బదులుగా వేసుకునే థైరాక్సిన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఆ సంగతి కూడా వారి డిశ్చార్జి కాగితంలో లేదు.