పదిహేనేళ్లు దాటిన ఆల్టోకు ఇంటి ముందే మరమ్మతులు: ఫిట్‌నెస్ తర్వాత నా అనుభవం

మా మారుతీ ఆల్టో 2008లో అనంతపురంలోనే రిజిస్టర్ అయింది. ఏపీ 02తో మొదలయ్యే పాత నంబరు. 2023లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు, చేతనైన మరమ్మతులన్నీ నేనే చేసుకుని బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాను. ఆర్‌సీ 2028 దాకా వచ్చింది. అప్పుడు చేసిన పనుల్లో ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు అన్నది ఇన్నాళ్ల వాడకం తర్వాతే చెప్పగలుగుతున్నాను.

ముందుగా ఒక అపోహ గురించి చెప్పాలి. పదిహేనేళ్లు దాటితే కారును తుక్కుకు వేయాల్సిందేనని మా వీధిలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. పెట్రోలు కారుకు పదిహేనేళ్ల పరిమితి ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల కోసం పెట్టింది. మన దగ్గర సొంత కారు తనిఖీలో నెగ్గితే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. గడువుకు అరవై రోజుల ముందు నుంచే ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. కారు రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల స్థానంలో 5,000 అయింది. హరిత పన్ను, ఇన్సూరెన్సు వేరే. ఇంత కట్టాక మరమ్మతుల దగ్గర చేయి వెనక్కి తీయాలనిపిస్తుంది. చాలామంది పైపైన పాలిష్ కొట్టించి తీసుకుపోయేది అందుకే. నా మటుకు మొదటి రూపాయి బ్రేకులకే.

అనంతపురం వాతావరణం పాత కార్లకు ఒకవిధంగా మేలే చేస్తుంది. వానలు తక్కువ కాబట్టి అడుగుభాగం పెద్దగా తుప్పు పట్టదు. మా బండి కింద దూరి చూస్తే దుమ్ము పేరుకుని ఉందే తప్ప రేకును తుప్పు ఎక్కడా తినేయలేదు. కానీ ఎండకు రబ్బరు బతకదు. వైపర్లు, తలుపుల బీడింగులు, రేడియేటర్ గొట్టాలు, యాక్సిల్ చివర ఉండే రబ్బరు బూట్లు, ఇవన్నీ చేత్తో నొక్కి, వంచి చూడాలి. సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయడమే. అన్నిటికంటే ప్రమాదకరమైన రబ్బరు మాత్రం బయటికి కనిపించదు. అది వెనక బ్రేకు డ్రమ్ములో ఉంటుంది.

ఆ డ్రమ్ము విప్పి చూసే పని కాస్త వివరంగా చెబుతాను. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాకే చేయి పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కారు కింద దూరకండి. హ్యాండ్ బ్రేకు వదిలి, దాని కేబుల్ సడలించి, డ్రమ్ము లాగితే మాది కదల్లేదు. సుత్తితో బాదనక్కర్లేదు. డ్రమ్ముకే మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కించి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోతే అదే బయటికి వచ్చేస్తుంది. లోపలి నల్లటి పొడిని నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. అది ఊపిరితిత్తులకు చెడు. తడిపి తుడవాలి. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కేది వీల్ సిలిండర్. దాని రబ్బరు టోపీని స్క్రూ డ్రైవర్ మొనతో కొంచెం ఎత్తి చూస్తే ఎడమ పక్కన లోపలంతా చెమ్మగా ఉంది. బ్రేకు ఆయిల్ ఊరుతోందన్నమాట. తొక్కితే బండి ఆగుతోంది కాబట్టి అన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. రెండు పక్కలా సిలిండర్లు, షూలు మార్చాను.

తర్వాత బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. మా అబ్బాయి పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "తొక్కి పట్టు, నేను చెప్పేదాకా వదలకు" అని సిలిండర్ వెనక గాలి తీసే చిన్న మరను (నిపుల్) వదులు చేస్తే, సన్న గొట్టం గుండా సీసాలోకి ఆయిల్‌తో పాటు బుడగలు వచ్చాయి. బిగించాకే పెడల్ వదలాలి. ముందు వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేసరికి "నాన్నా, ఇప్పుడు గట్టిగా ఉంది" అన్నాడు. ఆ పెడల్ ఈ రోజుకూ అలాగే ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

పొల్యూషన్ పరీక్షలో ఫెయిలవుతుందని భయపడేవాళ్లు ఎక్కువ. బీఎస్-3 అనే పాత కాలుష్య ప్రమాణం కింద వచ్చిన పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం (పది లక్షల్లో 750 వంతులు) దాటకూడదు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు కొత్తవి వేసి, ఇంజిన్ ఆయిల్ మార్చాను. ప్లగ్గులు చల్లటి ఇంజిన్ మీదే విప్పాలి, హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడి మీద విప్పితే మరలు దెబ్బతింటాయి. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. అందుకే ఇంటి నుంచి నేరుగా పరీక్షకు పోకుండా హైవే మీద రాప్తాడు దాకా వెళ్లి వచ్చి, ఇంజిన్ ఆపకుండా పరీక్ష చేయించాను. పరిమితికి చాలా దిగువన వచ్చింది.

పసుపెక్కిన హెడ్‌లైట్లను నీటి ఎమెరీ కాగితంతో రుద్ది పాలిష్ పట్టాను. తనిఖీ నాటికి కొత్తవాటిలా మెరిశాయి. ఏడాది తిరగకుండానే మళ్లీ మసకబారాయి. రుద్దినప్పుడే ఎండను అడ్డుకునే పూత వేస్తే ఎక్కువ కాలం ఉంటాయి. వైపర్ రబ్బర్లను ప్రతి వేసవి తర్వాత మార్చాల్సిందే, ఎంత మంచివి కొన్నా.

స్టీరింగ్ బాల్ జాయింట్లు, వీల్ అలైన్‌మెంట్, వెల్డింగు మాత్రం షెడ్డుకే ఇచ్చాను. ప్రెస్సు, కొలిచే యంత్రం లేకుండా ఇంట్లో వాటి జోలికి పోవద్దు. బ్రేకు పని మొదటిసారి చేసేవారు కూడా తెలిసిన మెకానిక్‌ను పక్కన నిలబెట్టుకోండి. చేసిన పనిని ఆయన చేత చూపించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. సామాన్లు బిల్లు ఇచ్చే దుకాణంలో, కంపెనీవే కొనండి. నకిలీ షూలు తొందరగా అరగడమే కాదు, వేడెక్కితే పట్టు తప్పుతాయి.

తనిఖీ రోజు ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూశారు. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, సీటు బెల్టులు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, టైర్లు చూశారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. బండి నడిపి బ్రేకు తొక్కించారు. బండి రంగు ఆర్‌సీలో ఉన్నదే ఉండాలి. గ్యాస్ కిట్ పెట్టించుకున్నవారు అది ఆర్‌సీలో ఎక్కిందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి. ఛాసిస్ నంబరు మీద దుమ్ము, గ్రీజు పేరుకుంటే కనిపించదు కాబట్టి ఇంట్లోనే కిరోసిన్ గుడ్డతో తుడిచిపెట్టుకుంటే అక్కడ వెతుక్కునే పని ఉండదు.