ఈ-బస్సుకి పెద్ద బ్యాటరీనా, మధ్యాహ్నం ఛార్జింగా?

ఎలక్ట్రిక్ వాహనాలకి కేంద్రం సాయమిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించిన దగ్గర్నుంచీ అందరూ ఇదే అడుగుతున్నారు. ఒక్క ఛార్జింగ్‌తో రోజంతా తిరిగే పెద్ద బ్యాటరీ బస్సు మేలా, చిన్న బ్యాటరీ పెట్టి మధ్యాహ్నం డిపోలో ఇంకోసారి ఛార్జి చేసుకోవడం మేలా?

చాలామంది బస్సు ధర చూసి ఆగిపోతున్నారు గానీ, నన్నడిగితే తేల్చేది డిపోకి వచ్చే కరెంటు లైను. సిటీ బస్సు రోజుకి 200 కిలోమీటర్లు తిరుగుతుంది, ఏసీతో కిలోమీటరుకి 1.2 యూనిట్లు తింటుంది అనుకుందాం (చదునైన రూట్ల లెక్క ఇది). అంటే వంద బస్సుల డిపోకి రోజుకి 24,000 యూనిట్లు. ఆఖరి ట్రిప్పు ముగిశాక తెల్లారి మొదటి బస్సు కదిలేలోపు, ఆరు గంటల్లో ఇదంతా ఎక్కాలంటే 4,000 కిలోవాట్ల లోడు కావాలి. అంత హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షను, ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు వేయించాక పగలంతా లైను ఖాళీగా ఉన్నా డిమాండ్ ఛార్జీ (వాడిన యూనిట్లకి కాక, గరిష్ఠ లోడుని బట్టి కట్టేది) మాత్రం తప్పదు. అలా కాకుండా ఒక్కో బస్సుకి 80 యూనిట్ల చొప్పున మధ్యాహ్నానికి జరిపితే రాత్రి లోడు సుమారు 2,700కి దిగుతుంది.

80 యూనిట్లంటే 120 కిలోవాట్ల ఛార్జరు మీద 40 నిమిషాల పని. జనం పల్చగా ఉండే వేళ, డ్యూటీ మారేటప్పుడు అయిపోతుంది. పగటిపూట సోలార్ వేళల్లో టారిఫ్ తగ్గించాలని 2023లో కేంద్రం నిబంధన కూడా తెచ్చింది. బ్యాటరీ వంద యూనిట్లు తగ్గితే ఆరేడు క్వింటాళ్ల బరువు దిగుతుంది, అంటే సుమారు పది మంది ప్రయాణికులంత.

పెద్ద బ్యాటరీకీ చోటుంది. డిపో రూటుకి దూరంగా ఉంటే మధ్యాహ్నం రావడం పోవడం అంతా డెడ్ కిలోమీటర్లే (ప్రయాణికులు లేకుండా తిరిగేవి), పైగా ఒక్క ఛార్జరు మొరాయిస్తే సాయంత్రం ట్రిప్పులు గల్లంతు. ఎయిర్‌పోర్టు పుష్పక్ లాంటి దూరం రూట్లకి నేనూ దానికే ఓటేస్తాను. ఇక మూడో దారి బ్యాటరీ మార్పిడి, అంటే అయిపోయిన బ్యాటరీ తీసి నిండుగా ఉన్నది పెట్టడం; అహ్మదాబాద్ బీఆర్‌టీఎస్‌లో (ప్రత్యేక లేన్లలో నడిచే సిటీ బస్సుల్లో) పెట్టి చూశారు. మన డిపోల్లో అంత ఖాళీ స్థలం ఎక్కడిది?

ఇంకోటి, బస్సులు నడిపే కంపెనీలకి కిలోమీటరుకి ఇంతని చెల్లించే కాంట్రాక్టుల్లో బ్యాటరీ సైజు తేలేది టెండర్లోనే. ‘ఒక్క ఛార్జింగ్‌తో 200 కిలోమీటర్లు’ అని షరతు పెట్టేస్తే కంపెనీలు ఆ పెద్ద బ్యాటరీ ఖర్చుని రేటులో కలిపే కోట్ చేస్తాయి, ఆ తర్వాత డిపోలో ఎన్ని ఛార్జర్లు పెట్టినా ఆ రేటు తగ్గదు.