టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 రివ్యూ: మోటారు సంగతి తర్వాత, ముందు ఆర్మ్ చూడండి

పాత టర్న్‌టేబుల్ బేరం చేసేవాళ్ళు మొదట అడిగేది “మోటారు బాగుందా?” అనే. రబ్బరు చక్రంతో తిరిగే గారార్డ్‌కూ, బెల్టుతో తిరిగే థోరెన్స్‌కూ అది సరైన ప్రశ్నే. చక్రం గట్టిపడుతుంది, బెల్టు సాగుతుంది. ఎస్ఎల్-1200 ఎంకే2కు మాత్రం ఈ ప్రశ్నతో పెద్దగా పని లేదు. దీని మోటారులో బ్రష్‌లు లేవు, బెల్టు లేదు, చక్రం లేదు. రికార్డును తిప్పే పళ్ళెం, అంటే ప్లాటర్, అడుగున బిగించిన అయస్కాంతమే మోటారులో తిరిగే భాగం, కాయిల్స్ కింద స్థిరంగా ఉంటాయి. అరిగేది నడిమి ఇరుసు (స్పిండిల్), దాన్ని పట్టే బుష్, అంతే. అందుకే నలభై ఏళ్ళ నాటి యంత్రాలు కూడా ఇవాళ స్టార్ట్ నొక్కితే 0.7 సెకన్లలో వేగం అందుకుంటాయి. ఈ యంత్రంలో డబ్బు పోగొట్టేది ముల్లును మోసే చేయి, అంటే ఆర్మ్.

టెక్నిక్స్ 1970లో ఎస్‌పీ-10 అనే టర్న్‌టేబుల్‌తో డైరెక్ట్ డ్రైవ్‌ను, అంటే మోటారే ప్లాటర్‌ను నేరుగా తిప్పే పద్ధతిని, మార్కెట్లోకి తెచ్చింది, 1972లో మొదటి ఎస్ఎల్-1200 వచ్చింది. వేగాన్ని స్ఫటికంతో స్థిరంగా ఉంచే క్వార్ట్జ్ లాక్, వేగాన్ని కొద్దికొద్దిగా హెచ్చించి తగ్గించే పొడవాటి పిచ్ స్లైడర్ ఉన్న ఎంకే2 వచ్చింది 1979లో. మొదట ఇళ్ళలో పాటలు వినేవాళ్ళ కోసం చేసిన ఎస్ఎల్-1200ను క్లబ్బుల్లోని డీజేలు సొంతం చేసుకున్నారు. కనుక సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి రెండు రకాలు: ఇంట్లో కూర్చున్నవి, క్లబ్బులో చాకిరీ చేసినవి. స్టార్ట్ బటన్ మీద రంగు అరిగిందా, పిచ్ స్లైడర్ పక్కన గోటి గీతలున్నాయా, ఆర్మ్ గొట్టం మీద చొట్టలున్నాయా చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. క్లబ్బు సరుకైనంత మాత్రాన వద్దనుకోనక్కర్లేదు, ఆర్మ్ పరీక్ష ఇంకాస్త కఠినంగా చేయాలి. నలుపు రంగులో కనిపించే 1210 ఎంకే2 కూడా ఇదే యంత్రం.

ఆర్మ్ పరీక్షకు పది నిమిషాలు చాలు, కానీ వరస తప్పకూడదు. ఆర్మ్ మొదట్లో ఎత్తు సర్దే రింగు, దాని లాక్ మీట ఉంటాయి. ముందు ఆ మీట బిగించండి. అది వదులుగా ఉంటే స్తంభమంతా ఊగి, లేని బేరింగ్ లోపం ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత ముల్లుకు తొడుగు వేసి, ఆర్మ్ కొసన ముల్లు ఉండే హెడ్‌షెల్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని ఆర్మ్ పొడవునా ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కదపండి. ‘టిక్’ అని చేతికి తెలిసినా ఆర్మ్‌ను కదలనిచ్చే గింబల్ బేరింగ్ వదులైనట్టే. ఆ తర్వాత, ఆర్మ్ రికార్డు లోపలివైపు లాగబడకుండా బయటికి తోసే యాంటీ-స్కేటింగ్‌ను సున్నాలో పెట్టి, వెనక బరువు తిప్పుతూ ఆర్మ్ గాలిలో తేలేట్టు తూకం కుదర్చండి. మెల్లగా ఊదితే ఎక్కడా పట్టకుండా కదలాలి. యాంటీ-స్కేటింగ్‌ను 1కి తిప్పితే తనంతట తానే నెమ్మదిగా బయటివైపు జరగాలి. జరగకపోయినా, మధ్యలో ఆగి ఆగి జరిగినా బేరింగ్‌లో దుమ్మో, దెబ్బో ఉంది. కంపెనీ చెప్పిన రాపిడి 7 మిల్లీగ్రాముల లోపు. కంటికి కనిపించేంతగా తడబడితే ఆ హద్దు ఎప్పుడో దాటింది.

చివరిగా ఎదురుగా కూర్చుని హెడ్‌షెల్ ప్లాటర్‌కు సమాంతరంగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగితే గొట్టం మెలితిరిగి ఉండవచ్చు. వదులైన బేరింగ్‌ను లాక్‌నట్ సడలించి పివట్ స్క్రూ తిప్పి బిగించవచ్చని చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి. స్క్రూ కాస్త ఎక్కువ బిగిస్తే లోపలి చిన్న గోలీలు తమ గాడిలో గుంటలు చేసుకుంటాయి, ఆపైన ఆ ఆర్మ్ బాగుపడదు. చేయి తిరిగినవాళ్ళకే వదిలేయాల్సిన పని ఇది. వాళ్ళు దొరకని ఊళ్ళో ఉంటే అలాంటి పీసు కొనకపోవడమే మేలు.

ఇక వేగం. పిచ్ స్లైడర్‌ను నడిమి గాడిలో పెడితే ఆకుపచ్చ దీపం వెలగాలి, ప్లాటర్ అంచున అన్నిటికన్నా పెద్ద చుక్కల వరస నిలిచిపోయినట్టు కనబడాలి. నిమిషానికి 33, 45 చుట్ల వేగాలు రెండింటిలోనూ చూడండి. స్లైడర్‌ను కొసనుంచి కొసకు నెమ్మదిగా జరిపినప్పుడు వేగం ఒక్కసారిగా గెంతితే లోపల దుమ్ము చేరిందని అర్థం. కాంటాక్ట్ క్లీనర్‌తో చాలాసార్లు బాగవుతుంది. సున్నాకు అటూ ఇటూ కొద్ది మేర స్లైడర్ జరిపినా వేగం మారకపోవడం ఈ మోడల్ స్వభావమే, లోపం కాదు. ప్లాటర్ అదుపు లేకుండా గిరగిరా తిరిగితే మాత్రం జాగ్రత్త. స్లైడర్ శుభ్రం చేసినా లొంగకపోతే అనుమానం నియంత్రణ చిప్‌ల మీదికి పోతుంది. ఏఎన్6675, ఏఎన్6680, ఏఎన్6682 అన్నవి ఆ చిప్‌లు, వీటిని పాత స్టాకులోంచి వెతుక్కోవాలి. స్టాప్ నొక్కినప్పుడు ప్లాటర్ ఆగి కాస్త వెనక్కి తిరిగితే భయపడకండి, లోపల బ్రేక్ బలాన్ని సర్దే చిన్న మీట (ప్రీసెట్) కొంచెం తగ్గిస్తే చాలు.

స్వరం ఊగుతున్నట్టు వినిపిస్తే వెంటనే మోటారును తిట్టకండి. ఊపు ఎంతసేపటికోసారి వస్తోందో గడియారంతో చూడండి. 33⅓ వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. సరిగ్గా ఆ లెక్కన వస్తుంటే చాలావరకు రికార్డు రంధ్రం నడిమధ్య లేదని అర్థం. ఇలాంటి రికార్డులు పాత కట్టల్లో తగులుతూనే ఉంటాయి. వీణ, నాదస్వరం, తంబుర లాంటి నిలిచే నాదాల్లో ఇది బాగా తెలుస్తుంది, మద్దెల మోతలో తెలియదు. అందుకే వేగాన్ని పరీక్షించేందుకు పియానో గానీ వీణ గానీ ఉన్న మంచి రికార్డు వెంట తీసుకెళ్ళండి.

వోల్టేజి దగ్గర మోసపోయేవాళ్ళు ఎక్కువ. జపాన్ నుంచి వచ్చినవి 100 వోల్టులవి, అమెరికావి 120. కొన్ని దేశాలకు పంపిన వాటికి వోల్టేజి మార్చే స్విచ్ ఉంటుంది. ప్లగ్ మార్చి అమ్మినంత మాత్రాన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మారదు. వెనక ప్లేటు మీద రాసినది చదివాకే మన 230 వోల్టుల సాకెట్లో పెట్టండి. ఇది తీసుకునేది 15 వాట్ల లోపే కనుక వోల్టేజి తగ్గించే 50 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. మన బజార్లలో సులువుగా దొరికేది 110 వోల్టుల కన్వర్టర్. అమెరికా పీసుకు అది చాలు. జపాన్ పీసుకు మాత్రం 100 వోల్టులది అడిగి చుట్టించుకోవడం మంచిది.

ఎంకే2లో ఆడియో తీగలు విప్పడానికి వీల్లేకుండా లోపలే టంకం వేసి ఉంటాయి. ఏళ్ళ తరబడి మడతపడి ప్లగ్ దగ్గర తెగడం మామూలు. ఒక పక్క శబ్దం రాకపోతే ఏది పాడైందో ఇలా తేల్చండి. ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే కాట్రిడ్జ్ వెనక తెలుపు, నీలం తీగలు ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. ఈ రెండు జతలనూ అటూ ఇటూ మార్చి పెట్టండి. మూగతనం రెండో స్పీకరుకు మారితే తప్పు కాట్రిడ్జ్‌ది. అదే స్పీకరులో ఉండిపోతే తప్పు హెడ్‌షెల్ తీగల నుంచి ఆంప్లిఫయర్ దాకా ఎక్కడో ఉంది. ముందు హెడ్‌షెల్ వెనకున్న నాలుగు పిన్నులూ తుడవండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఆ పిన్నులు త్వరగా నల్లబడతాయి, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. రెండు పక్కలా ఒకే గుయ్‌మనే హమ్ ఉంటే విడిగా వచ్చే సన్నని గ్రౌండ్ తీగను ఆంప్ వెనక స్క్రూకు బిగించారో లేదో చూడండి.

తీగలు మార్చాల్సి వస్తే పవర్ ప్లగ్ పీకి, ప్లాటర్ ఎత్తి పక్కన పెట్టి, యంత్రం బోర్లించి అడుగు మూత విప్పాలి. స్క్రూలు ఒకే పొడవువి కావు. ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకుని అదే చోట గుచ్చి పెట్టుకోండి. ప్లాటర్‌ను నేల మీద అలాగే పెట్టేస్తే అడుగున ఉన్న అయస్కాంతం ఇనుప రజను పట్టుకుంటుంది, అది తిరిగి మోటారులోకి చేరుతుంది. శుభ్రమైన గుడ్డ మీద తలకిందులుగా పెట్టండి. నూనె విషయంలో కంపెనీ మాట 2,000 గంటలకోసారి రెండు మూడు చుక్కలు, స్పిండిల్‌కు మాత్రమే. పలచటి, మలినాలు లేని మినరల్ ఆయిల్ వాడాలి. డబ్ల్యూడీ-40 కొట్టకండి, అది ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది.

కాట్రిడ్జ్ బిగింపు ఈ యంత్రంలో చాలా తేలిక. హెడ్‌షెల్ కాలర్ అంచు నుంచి ముల్లు మొన దాకా 52 మి.మీ. ఉండేట్టు పెడితే ముల్లు స్పిండిల్‌ను దాటి ఉండాల్సిన 15 మి.మీ. దూరం (ఓవర్‌హ్యాంగ్) దానంతట అదే వస్తుంది. తూకం సున్నాకు తెచ్చాక వెనక బరువు మీది అంకెల రింగును మాత్రమే 0కి తిప్పాలి, తర్వాత బరువు మొత్తాన్ని కావలసిన అంకెకు తిప్పాలి. చాలామంది ఈ రెండు మెట్లూ కలిపేసి తప్పు బరువు మీద ప్లేట్లు అరగదీస్తారు. చిన్న డిజిటల్ స్కేలుతో సరిచూసుకోవడం ఉత్తమం. ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు ఆడియో-టెక్నికా వీఎం95ఈ కాట్రిడ్జ్‌కు 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. ఈ ఆర్మ్‌కు ఇలాంటివే కుదురుతాయి. వీఎం95కు తీగ, కాట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ కలిపి 100 నుంచి 200 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) కావాలి. మించితే పై స్వరాలు గీసినట్టు వినిపిస్తాయి, కాబట్టి మార్చే తీగ పొట్టిగా, తక్కువ కెపాసిటెన్స్‌తో ఉండాలి. డెనాన్ డీఎల్-103 కాట్రిడ్జ్ మీద మనసుపడేవాళ్ళు రెండుసార్లు ఆలోచించాలి. దానికి 2.5 గ్రాముల బరువు కావాలి, ఈ ఆర్మ్ స్కేలు సరిగ్గా అక్కడితో ఆగిపోతుంది. పైగా దానికి ఇంతకన్నా బరువైన ఆర్మ్ ఉంటేనే కింది స్వరాలు నిలుస్తాయి.

పిచ్ స్లైడర్ డీజేల సరంజామా అని హైఫై అభిమానులు చులకన చేస్తారు. కర్ణాటక సంగీతం సాధన చేసేవాళ్ళ ఇంట్లో మాత్రం ఈ యంత్రానికి సాటి లేనిది అక్కడే. దీని పరిధి 8 శాతం హెచ్చు నుంచి 8 శాతం తగ్గు దాకా. ఒక స్వరస్థానం పైకి వెళ్ళాలంటే కావలసిన వేగం దాదాపు 5.95 శాతం. ప్లాటర్ అంచున +6 శాతపు చుక్కల వరస ఉండనే ఉంది. అది నిలిచేలా స్లైడర్ పెడితే ఒకటి శ్రుతిలోని కచేరీ ఒకటిన్నరకు, ఐదు శ్రుతిలోనిది ఐదున్నరకు చేరుతుంది. కిందికి ఒక స్వరస్థానం దిగాలంటే 5.6 శాతం తగ్గించాలి. దానికి చుక్కల వరస లేదు, స్లైడర్ పక్కన గీతలు చూసి, శ్రుతిపెట్టెతో చెవి కలిపి సర్దుకోవాలి. లయ కూడా అంత మేర మారుతుంది నిజమే, కానీ వయొలిన్ మళ్ళీ శ్రుతి చేయకుండా రికార్డుతో కలిసి వాయించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. రికార్డింగులోనే శ్రుతి కాస్త పక్కకు పోయిన పాత ప్లేట్లను సరిచేసుకునేందుకూ ఇదే పనికొస్తుంది.

శబ్దం గురించి నా తీర్పు సూటిగా చెబుతాను. స్వరం కదలని నిబ్బరం, మృదంగం తొప్పి దెబ్బలో బిగువు దీని గొప్పలు. గాయకుడి చుట్టూ ఉండే గాలి, గదిలోని లోతు వినిపించడంలో మంచి స్థితిలో ఉన్న థోరెన్స్ దీన్ని దాటుతుంది. ఆ తేడాకు ప్రధాన కారణం ఆర్మ్, దానిలోని పాత తీగలు. కాబట్టి డబ్బు పెట్టాల్సిన వరస ఇది: ముందు మంచి ముల్లు, తర్వాత తీగలు, ఆ తర్వాత మంచి ఫోనో ప్రీఆంప్. ప్లాటర్ మీద పరిచే ఖరీదైన మ్యాట్లూ, రికార్డు మీద పెట్టే మెరిసే బరువులూ చివర.

లేనివీ తెలుసుకోండి. ఇందులో 78 వేగం లేదు. తాతల నాటి లక్క రికార్డులు, ఘంటసాల తొలినాళ్ళ ప్లేట్లు వినాలంటే వేరే యంత్రం కావాలి. 45 వేగపు సినిమా ఈపీలు చక్కగా ఆడతాయి. లోపల ఫోనో ప్రీఆంప్ లేదు, ఆంప్‌కు ఫోనో సాకెట్ లేకపోతే విడిగా కొనాలి. ఆర్మ్ తనంతట తాను లేవదు, పాట అయ్యాక మీరే లేవాలి.

పెట్టే చోటుకు మన ఇళ్ళలో వరం కడప బండ. గోడలోకి దిగ్గొట్టిన కడప బండ అర మీద, నాలుగు కాళ్ళూ తిప్పి మట్టం సరిచేసి పెడితే నడక అదురు రాదు. అదే అర మీద స్పీకర్లు పెట్టకూడదు. రాయి ఆ శబ్దాన్ని నేరుగా ముల్లుకు చేరవేస్తుంది, వాల్యూమ్ పెంచగానే కింది స్వరాలు గూబగుయ్‌మంటాయి.

వేరే ఊరి నుంచి తెప్పించుకుంటే సగం ఆర్మ్‌లు దారిలోనే చస్తాయి. అమ్మేవారికి ముందే చెప్పండి: హెడ్‌షెల్, వెనక బరువు విప్పి విడిగా చుట్టాలి, ఆర్మ్‌ను దాని క్లిప్పులో పెట్టి మెత్తటి దారంతో కట్టాలి, ప్లాటర్ తీసి మందపాటి అట్ట మధ్య వేరుగా పెట్టాలి. ప్లాటర్ అలాగే ఉంచి పంపితే పెట్టె కింద పడ్డ ప్రతిసారీ దాని బరువంతా స్పిండిల్ మీద పడుతుంది. ప్లాటర్ తీయడం రాదనో, అవసరం లేదనో అంటే ఎంత చవకైనా ఆ బేరం వదిలేయండి.