జాగ్రత్త: ‘గోస్తనీ లోయ చుట్టునడక’కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విశాఖపట్నంలో వారాంతపు నడకలు అమ్మే ఒక సంస్థకు మనిషికి 2,800 రూపాయల చొప్పున నలుగురికి 11,200 ముందే కట్టేసి, అక్టోబరు రెండో ఆదివారం బొర్రా వెళ్లి వచ్చాం. సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే రేపు పేరు మార్చుకుని ఇదే సరుకు మళ్లీ అమ్ముతారు, నా హెచ్చరిక ఎందుకూ కొరగాకుండా పోతుంది. పేరు కంటే వాళ్లు వేసే ఎత్తులు గుర్తుపెట్టుకుంటే మేలు.

ప్రకటనలో ఏమని ఉందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: ‘బొర్రాలో బయలుదేరి, గోస్తనీ లోయలోకి దిగి, కటికి జలపాతం చూసి, అవతలి గట్టున కాఫీ తోటల మీదుగా మళ్లీ బొర్రా చేరే 14 కిలోమీటర్ల చుట్టునడక. ఆరు గిరిజన గూడేలు. అటవీ శాఖ అనుమతి, స్థానిక మార్గదర్శి, గూడెంలో భోజనం, గూడేలకు వాటా, ప్రమాద బీమా అన్నీ ఇందులోనే.’ పక్కనే ఆకుపచ్చ బొమ్మ మీద కోడిగుడ్డు ఆకారంలో ఎర్ర గీత, దాని మీద ఆరు చుక్కలు. ఆ బొమ్మకే నేను పడిపోయాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగు నుంచి ప్రవహించి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ మా ఇంటి కుళాయిలో నీరు కూడా. ఆ నీళ్లు వచ్చే దారిలో ఒక్కరోజైనా నడవాలని ఎప్పటినుంచో కోరిక. మా వారికి అంత ఆసక్తి లేదు. మా చెల్లెలి కూతురు, ఆమె స్నేహితురాలు మాత్రం ఎగిరి గంతేశారు.

ఉదయం కిరండూల్ పాసింజర్‌లో బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాం. ‘స్థానిక మార్గదర్శి’ కూడా మాతో పాటే అదే రైల్లో విశాఖ నుంచి వచ్చాడు! పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడే. అతని మీద నాకు కోపం లేదు. ఆ దారిలో తాను రావడం రెండోసారి అని మధ్యాహ్నానికి తానే ఒప్పుకున్నాడు. అటవీ అనుమతి చూపించమంటే ఫోనులో ఒక రశీదు ఫొటో చూపించి వెంటనే జేబులో పెట్టుకోబోయాడు. నేను ముప్పై ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి వచ్చినదాన్ని, రశీదు చూపిస్తే చదవకుండా వదలను. పెద్దది చేసి చూస్తే అది గుహల దగ్గర వాహనం నిలిపినందుకు ఇచ్చిన చీటీ. తేదీ కూడా ఆగస్టుది.

అక్కడే వెనక్కి తిరిగి ఉండాల్సింది. తిరగలేదు.

లోయలోకి దిగే బాట వానలకు పాడైందంటూ అతను మమ్మల్ని రైలు పట్టాల మీదకు ఎక్కించాడు. ఇది పర్యాటకుల కోసం వేసిన బొమ్మ రైలు మార్గం కాదు. బైలడీల ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను. పగలూ రాత్రీ గూడ్సు బండ్లు తిరిగేది. దారి పొడవునా సొరంగాలే. మొదటి సొరంగంలో సగం దూరం వెళ్లామో లేదో కాళ్ల కింద కంకర సన్నగా అదరడం మొదలైంది. ఆ కుర్రాడు ఒక్క అరుపు అరిచి మమ్మల్ని గోడలో తొలిచిన గూటిలోకి నెట్టాడు. ఇద్దరు నిలబడే చోట అయిదుగురం. వీపుకు తడి రాయి, ముఖానికి అరచేయి దూరంలో మా వారి చొక్కా. ముందు గాలి తోసుకొచ్చింది, తరువాత ఇంజన్లు, ఆ వెనక వ్యాగన్లు. భయం తెలియకుండా ఉండాలని వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర కళ్లు మూసుకున్నాను. బయటికొచ్చాక చూసుకుంటే అందరి కనుబొమ్మల మీదా ఎర్రటి ధూళి. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఓ పావుగంట నోట మాట రాలేదు.

అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం నేరం. అంటే మనం డబ్బు కట్టి కొనుక్కున్నది ప్రాణాపాయం, పైగా ఒక కేసు. ‘పట్టాల మీద ఫొటోలు భలే వస్తాయి’ అని ఎవరైనా అమ్మకందారు అంటే అదే మీకు ఆనవాలు.

ఇక ఆరు గూడేల లెక్క. స్టేషన్ పక్కనున్న రైల్వే క్వార్టర్లు ఒకటి, జీపులు ఆగే కూడలి రెండు. మూడోది, నాలుగోది నిజంగానే గూడేలు. అయిదోదాన్ని దూరం నుంచి వేలు పెట్టి చూపించాడు. ఆరోది ఎక్కడని అడిగితే, మీరు చూస్తున్నదే రెండు పేర్లతో పిలుస్తారన్నాడు. నడుస్తూ చెప్పిన కథలూ ఇదే బాపతు. నిమ్మలపాడు వైపు కొండ చూపించి, అక్కడ గనులు తవ్వకపోవడానికి ఏదో రాజు శాపం కారణమన్నాడు. శాపం కాదు నాయనా, ఏజెన్సీలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు పుట్టింది ఈ ఊళ్ల నుంచే. ఇంత పెద్ద సంగతి కాళ్ల కింద ఉండగా శాపం అమ్ముతున్నారు.

గూడెంలో భోజనం అన్నది గుహల దగ్గర బండి మీద కొని సంచిలో మోసుకొచ్చిన బొంగు చికెన్. చల్లారిపోయింది. దాన్ని తినడానికి ఒక ఇంటి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆ ఇంటి పెద్దావిడ అడ్డాకులు ఏరి కట్టలు కడుతోంది. మేము వస్తున్నట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘వారం వారం ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారమ్మా’ అని మాత్రం అంది, విసుగు లేకుండానే. లోపలికి వెళ్లి సత్తు గిన్నెలో చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. ఆ రోజు మొత్తంలో తిన్నట్టు అనిపించింది అదొక్కటే. ప్రకటనలో ‘గూడేలకు వాటా’ అన్న మాట గుర్తొచ్చి, సంస్థ వాళ్లు మీకు ఎంత ఇస్తారని అడిగాను. ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. నేను డబ్బివ్వబోతే తీసుకోలేదు. కట్టిన అడ్డాకుల కట్ట కొంటానంటే అప్పుడు తీసుకుంది.

కటికి జలపాతం బాగుంది, దాని గురించి ఫిర్యాదు లేదు. కానీ దాని తరువాత నడకే లేదు. అవతలి గట్టుకు చేరాలంటే దాటాల్సిన వాగు పైన కురిసిన వానకు పొంగి ఉంది. దాటవద్దన్న అతని మాట సరైనదే. అయితే అక్టోబరులో ఏజెన్సీ వాగు పొంగుతుందని నడక అమ్మేవాడికి ముందు తెలియదా? వేరే దారి సిద్ధంగా ఉండదా? జీపు పిలిపించి అదనంగా 1,500 మా చేతే కట్టించారు. నా ఫోను లెక్క ప్రకారం మొత్తం నడిచింది 8.4 కిలోమీటర్లు, అందులో రెండుకు పైగా పట్టాల మీద. కాఫీ తోటలు జీపులోంచి చూశాం.

ఇంటికొచ్చాక బీమా పాలసీ నంబరు అడిగాను. ‘బీమా అంటే మా బాధ్యత అని అర్థం మేడమ్’ అని జవాబు! డబ్బు వెనక్కివ్వమంటే, వచ్చే నడకకు 500 తగ్గిస్తామన్నారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ప్రకటన ఫొటో, చెల్లింపు వివరాలు, ఫోనులో నమోదైన దారి దగ్గరుంచుకోవడం అక్కడ పనికొచ్చింది. సంస్థ వాళ్లు ఆ ప్రకటన మర్నాడే తీసేశారు. కాబట్టి ఏది కొన్నా కొన్న రోజే ఫొటో తీసి దాచుకోండి.

ఈ లోయ చూడాలనుకునేవారికి నా మాట: బొర్రాలో దిగి జీపు వాళ్లతో ముందే బేరం కుదుర్చుకుని కటికి వెళ్లండి. చివరి కొంత దూరం ఎలాగూ నడకే. గూడెం వాళ్లనే ఒకరిని దారి చూపడానికి వెంట తీసుకెళ్లి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. ఎవరైనా చుట్టునడక అమ్మితే, వాగు ఎక్కడ దాటతారు, అది పొంగితే ఏ దారి, అనుమతి ఎవరి పేరున ఉంది అని డబ్బు కట్టక ముందే రాతపూర్వకంగా అడగండి. నిండు చేతుల చొక్కా తప్పనిసరి. తిరిగొచ్చిన కొద్ది వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లి వచ్చామని వైద్యుడికి చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి, అక్కడి మలేరియాతో ఆటలొద్దు. ఈ ముక్క కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

నిన్న కొత్త ప్రకటన వచ్చింది. అదే కోడిగుడ్డు గీత, అవే ఆరు చుక్కలు, ధర 3,200. ‘గిరిజన ఆతిథ్యం’ అన్న అక్షరాల కింద ఫొటోలో ఆ అరుగు మీద కూర్చుని అంబలి తాగుతున్నది నేనే. నన్ను అడగలేదు. వెనక గుమ్మంలో నిలబడి ఉన్న ఆ పెద్దావిడనూ అడిగి ఉండరు.